ఇంటర్నెట్ సెంటర్‌లో కంప్యూటర్, నెట్‌వర్క్ భద్రత: సమగ్ర మార్గదర్శి

కొంతకాలం క్రితం బస్టాండు దగ్గరి ఒక చిన్న జిరాక్స్, ఇంటర్నెట్ సెంటర్ వారు కంప్యూటర్ బాగా నెమ్మదించిందని నన్ను పిలిచారు. డిస్క్ ఎందుకు నిండిందో చూద్దామని డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే ఆధార్ కార్డులు, పదో తరగతి మెమోలు, బ్యాంకు పాసుపుస్తకాల మొదటి పేజీలు, అడంగల్ నకళ్లు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు వేల సంఖ్యలో కనిపించాయి. మూడేళ్ల కిందట ఒక్క ప్రింటు కోసం వచ్చి వెళ్లిన మనిషి కాగితం కూడా అందులో ఉంది. ఆ కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ లేదు. యజమాని నిజాయతీపరుడు, ఎవరి కాగితాన్నీ ఏనాడూ దుర్వినియోగం చేసినవాడు కాదు. అయినా ఆ ఊరివాళ్ల గుర్తింపు మొత్తం తాళం లేని బీరువాలో పెట్టినట్టే ఉంది.

నాలుగైదు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, ఇంటర్నెట్‌ను అన్నిటికీ పంచే ఒక రౌటర్, సీసీ కెమెరాల దృశ్యాలను రికార్డు చేసే డీవీఆర్ ఉన్న ఇలాంటి చోట్ల భద్రతను మొదటి నుంచి ఎలా ఏర్పరచుకోవాలో ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను. చిన్న ఆఫీసుకూ ఇంటికీ ఇందులో చాలా భాగం అలాగే వర్తిస్తుంది. అడుగులను ఇదే క్రమంలో చేయమని కోరుతున్నాను, ఎందుకంటే చాలామంది యాంటీవైరస్ కొనడంతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. నా అనుభవంలో అది తర్వాత ఆలోచించవలసిన సంగతి.

ముందు తెలుసుకోవలసిన మాటలు

కంప్యూటర్ భద్రతను మూడు గుణాలతో కొలుస్తారు. మొదటిది గోప్యత: ఒకరి ఆదాయ ధ్రువపత్రం సంబంధం లేని మరొకరి కంట పడకూడదు. రెండోది సమగ్రత: దరఖాస్తులో నింపిన బ్యాంకు ఖాతా సంఖ్యలో ఒక్క అంకె కూడా ఎవరికీ తెలియకుండా మారిపోకూడదు. మూడోది లభ్యత: ఈఏపీసెట్ దరఖాస్తుకు చివరి రోజున పిల్లలు వరుసలో నిలబడి ఉండగా కంప్యూటర్లు మొరాయించకూడదు. మన దగ్గర భద్రత అనగానే మొదటిదొక్కటే గుర్తొస్తుంది కానీ, చిన్న వ్యాపారాన్ని ఎక్కువగా దెబ్బతీసేది మూడోది పోవడమే.

ముప్పు, బలహీనత అనే రెండు మాటలను కూడా వేరువేరుగా చూడాలి. పెన్ డ్రైవ్‌లో వచ్చే వైరస్ ముప్పు. ఆ వైరస్ నడవడానికి వీలిచ్చే పాత విండోస్ బలహీనత. ముప్పు మన చేతుల్లో ఉండదు, బలహీనత ఉంటుంది. కింద చెప్పే పనులన్నీ బలహీనతలను తగ్గించడానికీ, పోగొట్టుకోవడానికి వీలున్న సమాచారాన్నే తగ్గించడానికీ ఉద్దేశించినవి.

మొదటి అడుగు: ఏముందో రాసుకోవడం

ఒక నోటుపుస్తకం తీసుకుని, కరెంటుతో నడిచి నెట్‌వర్క్‌కు తగిలి ఉన్న ప్రతి వస్తువునూ రాయండి. కంప్యూటర్లు ఎలాగూ గుర్తుంటాయి. వైఫై ప్రింటర్, డీవీఆర్, గోడమీది స్మార్ట్ టీవీ, పని చేసే కుర్రాడి ఫోన్ మరిచిపోతారు. రౌటర్ పేజీలోకి వెళ్తే (ఎలా తెరవాలో ఆరో అడుగులో ఉంది) ప్రస్తుతం తగిలి ఉన్న పరికరాల జాబితా కనిపిస్తుంది. మీరు రాసినదానితో దాన్ని సరిపోల్చండి. ఎవరిదో తెలియని పేరు ఒక్కటి ఉన్నా, అది తేలేవరకు రెండో అడుగు వేయవద్దు. ప్రతి కంప్యూటర్ ఎదుటా విండోస్ ఏ వెర్షనో, చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయిందో, అందులో ఏ ఖాతాలు ఉన్నాయో రాయండి.

పెద్ద కాపీయర్‌ను కూడా ఈ జాబితాలో చేర్చాలి. స్కానింగ్, ప్రింటింగ్ రెండూ చేసే పెద్ద డిజిటల్ యంత్రాల్లో చాలావాటికి లోపల హార్డ్ డిస్క్ ఉంటుంది, కాపీ తీసిన కాగితాల బొమ్మలు అందులో మిగిలిపోవచ్చు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడూ అమ్మేటప్పుడూ ఆ డిస్క్‌ను తుడిచేయమని మెకానిక్‌ను అడగాలి.

రెండో అడుగు: అక్కర్లేని కాగితాలను తొలగించడం

ఇది అన్నిటికన్నా చవకైన పని, అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసేదీ ఇదే. కస్టమర్ పని పూర్తయ్యాక అతని ఫైలు మీ దగ్గర ఉండవలసిన కారణం ఏదీ లేకపోతే, ఆ రోజే తీసేయాలి. షట్టర్ దించేముందు డౌన్‌లోడ్స్ ఫోల్డర్, స్కాన్ ఫోల్డర్, రీసైకిల్ బిన్ మూడింటినీ ఖాళీ చేయడం కల్లాపెట్టె లెక్క చూసుకున్నంత మామూలు పని కావాలి. విండోస్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ సెన్స్ అనే సదుపాయాన్ని ఆన్ చేసి, అందులో డౌన్‌లోడ్స్‌కు ఎన్ని రోజులో కూడా ఎంచుకుంటే, డౌన్‌లోడ్స్‌లో కొన్నాళ్లుగా తెరవని ఫైళ్లను అదే తీసేస్తుంది. కస్టమర్లు ఫైళ్లు పంపే వాట్సాప్ నంబరులో ఆటోమేటిక్ డౌన్‌లోడ్‌ను ఆపి, మాయమయ్యే సందేశాల గడువును 24 గంటలకు పెట్టండి.

డిలీట్ నొక్కినంత మాత్రాన మామూలు హార్డ్ డిస్క్‌లోని ఫైలు చెరిగిపోదు. ఆ స్థలం ఖాళీ అని గుర్తు పెట్టడం మాత్రమే జరుగుతుంది, పైన మరో సమాచారం పడేవరకు పాతది తిరిగి తీయవచ్చు. అందువల్ల డిస్క్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేయడం, అంటే తాళంచెవి లేనివారు చదవలేని రూపంలోకి మార్చడం మంచిది. విండోస్ ప్రో ఉంటే బిట్‌లాకర్, హోమ్ ఉంటే కంప్యూటర్ అనుమతించిన చోట డివైస్ ఎన్‌క్రిప్షన్ ఈ పని చేస్తాయి. దాంతో వచ్చే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి ఇంట్లో భద్రపరచండి, కంప్యూటర్ దాన్ని అడిగిన రోజున అది లేకపోతే డిస్క్‌లోని ఫైళ్లు మీకూ అందవు.

పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంది కదా అని ధీమాగా ఉండేవారి కోసం ఒక లెక్క చెప్పాలి. ఈ-ఆధార్ ఫైలు పాస్‌వర్డ్ అంటే పేరులోని మొదటి 4 ఇంగ్లిషు అక్షరాలు క్యాపిటల్స్‌లో, వాటి వెంట పుట్టిన సంవత్సరం. చూడటానికి అది 8 అక్షరాల తాళం. కానీ పేరు తెలిసినవాడికి ఊహించడానికి మిగిలేది సంవత్సరం ఒక్కటే. బతికి ఉన్నవారి పుట్టిన సంవత్సరాలు దాదాపు 100 కనుక, ఓపికగా చేత్తో కొట్టినా మధ్యాహ్నంలోగా ఆ తాళం తెరుచుకుంటుంది. అవసరం ఒప్పుకున్న ప్రతిచోటా చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తీసి ఇవ్వడం కస్టమర్‌కు మీరు చేయగల పెద్ద ఉపకారం.

మూడో అడుగు: ఖాతాలు, అధికారాలు

చాలా సెంటర్లలో అన్ని కంప్యూటర్లూ సర్వాధికారాలు ఉన్న ఒకే అడ్మిన్ ఖాతాతో నడుస్తాయి. అడ్మిన్ ఖాతాలో మీరు తెరిచిన ప్రతి ప్రోగ్రామూ మీ అధికారంతోనే నడుస్తుంది కాబట్టి, పొరపాటున తెరిచిన వైరస్‌కు కూడా కంప్యూటర్ మొత్తం మీద హక్కు సులువుగా దొరుకుతుంది. అడ్మిన్ ఖాతాను వేరుగా పెట్టి, దాని పాస్‌వర్డ్ యజమాని దగ్గరే ఉంచి, రోజువారీ పనికి స్టాండర్డ్ ఖాతాలు తయారు చేయండి. పని చేసేవారు ముగ్గురుంటే ఖాతాలూ మూడుండాలి. ఒకరు మానేసిన రోజున వారి ఖాతా ఒక్కటి తీసేస్తే సరిపోతుంది, అందరి పాస్‌వర్డ్‌లూ మార్చే అవస్థ తప్పుతుంది. ఎవరికి ఎంత పని ఉందో అంత అధికారమే ఇవ్వడాన్ని భద్రతా నిపుణులు కనీస అధికార సూత్రం అంటారు.

కస్టమర్లు కూర్చునే కంప్యూటర్‌ను పూర్తిగా వేరుగా చూడాలి. అందులో బ్రౌజర్‌ను గెస్ట్ విండోలోనే తెరిచి ఇవ్వండి. డిజీలాకర్‌లోకో జీమెయిల్‌లోకో లాగిన్ అయి, బస్సు వచ్చిందని లేచి వెళ్లిపోయిన పిల్లల ఖాతాలు సాయంత్రం వరకు తెరిచే ఉండటం నేను చూశాను. గెస్ట్ విండోలన్నీ మూసేస్తే ఆ లాగిన్లు పోతాయి. దరఖాస్తు నింపేటప్పుడు కస్టమర్ పాస్‌వర్డ్‌ను బ్రౌజర్ గుర్తుపెట్టుకోమంటావా అని అడిగితే, సమాధానం ఎప్పుడూ వద్దు అనే ఉండాలి.

రిమోట్ యాప్‌ల సంగతి ఇక్కడే చూసుకోవాలి. సాఫ్ట్‌వేర్ సర్వీసు చేసే వ్యక్తి తన సౌకర్యం కోసం దూరం నుంచి ఎప్పుడైనా లోపలికి రావడానికి ఒక శాశ్వత పాస్‌వర్డ్ పెట్టి వెళ్తాడు. అతని పని అయిపోయినా ఆ దారి అలాగే ఉంటుంది. అలాంటి యాప్‌లన్నీ వెతికి తీసేసి, అవసరమైన రోజున మీరు ఎదురుగా కూర్చుని ఉండగా మాత్రమే మళ్లీ వేయించుకోండి.

నాలుగో అడుగు: అప్‌డేట్లు

2017 మే 12న వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతటా వ్యాపించి, కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడగడం మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. కంప్యూటర్ల మధ్య ఫైళ్లు పంచుకోవడానికి విండోస్ వాడే పాత పద్ధతిలోని లోపం దానికి దారి ఇచ్చింది. ఎవరూ ఏ లింకూ నొక్కనవసరం లేకుండానే ఒక కంప్యూటర్ నుంచి పక్క కంప్యూటర్‌లోకి 445వ పోర్టు (నెట్‌వర్క్‌లో ఒక్కో పనికి నంబరుతో కేటాయించిన తలుపు) గుండా పాకింది. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14న, అంటే దాదాపు రెండు నెలల ముందే విడుదల చేసింది. అప్పటికే అది వేసుకున్న యంత్రాల్లోకి ఈ దారిన రావడం దానికి సాధ్యం కాలేదు.

పనివేళలో రీస్టార్ట్ అడుగుతుందని అప్‌డేట్లను ఆపేసుకునే అలవాటు మన సెంటర్లలో ఎక్కువ. ఆదివారం ఉదయమో, షట్టర్ దించే సమయమో ఒకటి నిర్ణయించి, విండోస్‌లో పనివేళలను సెట్ చేస్తే ఆ ఇబ్బంది ఉండదు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. వ్యక్తిగత వాడుకదారులకు ఇచ్చిన అదనపు భద్రతా అప్‌డేట్ల గడువు 2026 అక్టోబరు 13. విండోస్ 11 ఎక్కని పాత యంత్రాన్ని పారేయనవసరం లేదు, అందులో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసి బ్రౌజింగ్‌కూ ప్రింటుకూ వాడుకోవచ్చు.

డబ్బు కట్టకుండా దొంగతనంగా వాడే క్రాక్ చేసిన విండోస్, క్రాక్ చేసిన ఫొటో సాఫ్ట్‌వేర్ గురించి మొహమాటం లేకుండా చెబుతాను. వాటిని నడిపేముందు యాంటీవైరస్ ఆపమని అడుగుతాయి. తాళం తీసి పక్కకు తప్పుకోమని అడిగినవాడిని ఇంట్లోకి రానిచ్చి, తర్వాత ఎన్ని తాళాలు కొన్నా వృథా. డబ్బు ఇబ్బంది ఉంటే ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ (కాగితాలు, లెక్కలకు), గింప్ (ఫొటోలకు) వాడండి. విండోస్‌తో వచ్చే డిఫెండర్‌ను ఆపకుండా ఉంచితే ఇలాంటి సెంటర్‌కు యాంటీవైరస్‌గా అది సరిపోతుంది.

ఐదో అడుగు: పాస్‌వర్డ్‌లు, రెండో తాళం

చిన్న ఇంగ్లిషు అక్షరాలతో 8 అక్షరాల పాస్‌వర్డ్‌లు దాదాపు 20,882 కోట్లు సాధ్యం. అది పెద్ద సంఖ్యలా కనిపిస్తుంది కానీ, దొంగిలించిన పాస్‌వర్డ్ జాబితాలను ఛేదించే యంత్రాలకు అది పెద్ద పని కాదు. అదే 12 అక్షరాలైతే ఆ శ్రమ 4,56,976 రెట్లు పెరుగుతుంది. మధ్యలో ఒక ఆశ్చర్యార్థకం, చివర 123 చేర్చడం కన్నా పొడవు పెంచడమే ఎక్కువ బలం ఇస్తుందని ఈ లెక్క చెబుతుంది. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లిషు అక్షరాల్లో వరుసగా రాస్తే పొడవుగానూ ఉంటుంది, గుర్తూ ఉంటుంది. సామెతలు, పాటల పల్లవులు, దేవుళ్ల పేర్లు వద్దు, అవి ఊహించేవాడికీ తెలుసు.

పొడవు ఎంత ఉన్నా ఒకే పాస్‌వర్డ్‌ను రెండు చోట్ల వాడకూడదు. ఒక చిన్న వెబ్‌సైటు నుంచి లీకైనదాన్ని మిగతా అన్ని సైట్లలో వేసి చూడటం దొంగలకు నిత్యకృత్యం. ఇన్ని పాస్‌వర్డ్‌లు గుర్తుండవు కాబట్టి అన్నిటినీ ఒకే తాళం కింద దాచిపెట్టే బిట్‌వార్డెన్ వంటి పాస్‌వర్డ్ మేనేజర్ వాడాలి. అది నచ్చకపోతే ఇంట్లో బీరువాలో పెట్టే నోటుపుస్తకంలో రాసుకోవడం కూడా, మానిటర్‌కు చీటీ అంటించడంతో పోలిస్తే ఎంతో మేలు.

ఈమెయిల్‌కు రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్ తర్వాత మరో కోడ్ కూడా అడగడం) తప్పనిసరిగా పెట్టండి, మిగతా ఖాతాల పాస్‌వర్డ్‌లను మార్చే దారి ఈమెయిలే గనుక. ఎస్ఎంఎస్‌లో వచ్చే ఓటీపీ ఏమీ లేకపోవడం కన్నా మెరుగే. అయితే మీ నంబరుకు మోసంతో మరో సిమ్ తీసుకున్నవాడికి అదే ఓటీపీ వెళ్తుంది. ఫోన్‌లోని ఆథెంటికేటర్ యాప్ 30 సెకన్లకోసారి కొత్త 6 అంకెల కోడ్‌ను ఆ ఫోన్‌లోనే తయారు చేస్తుంది, సిమ్‌తో దానికి పని లేదు. పాస్‌వర్డ్ బదులు ఫోన్ వేలిముద్రతోనో పిన్‌తోనో లాగిన్ చేసే పాస్‌కీ వీలైన చోట అది ఇంకా మంచిది. నకిలీ సైటులో అది అసలు పనిచేయదు.

ఆరో అడుగు: రౌటర్, వైఫై

మీ కంప్యూటర్లకు 192.168 తో మొదలయ్యే చిరునామాలు ఉండటం గమనించే ఉంటారు. అవి లోపలి చిరునామాలు, బయటి ఇంటర్నెట్‌లో చెల్లవు. రౌటర్ ఒక్కటే బయటకు కనిపిస్తుంది. లోపలివారు అడిగినదానికి వచ్చిన జవాబును లోపలికి పంపుతుంది, ఎవరూ అడగకుండా బయటి నుంచి వచ్చినదాన్ని గుమ్మం దగ్గరే ఆపుతుంది. ఈ గుమ్మాన్ని మనమే తెరిచిపెట్టడం వల్ల చాలా నష్టాలు జరుగుతున్నాయి.

కంప్యూటర్‌లో రౌటర్ పేజీ తెరవండి. దాని చిరునామా రౌటర్ అడుగున అంటించిన చీటీపై ఉంటుంది, ఎక్కువగా 192.168.1.1. ముందుగా అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాలి. 2016లో మిరాయ్ అనే వైరస్ లక్షలాది కెమెరాలను, డీవీఆర్‌లను, రౌటర్లను లొంగదీసుకోవడానికి వాడిన ఆయుధం, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన 60కి పైగా యూజర్ నేమ్, పాస్‌వర్డ్ జంటల చిన్న జాబితా. మార్చనివారందరూ దొరికిపోయారు. అలా చేరిన సైన్యం ఆ ఏడాది అక్టోబరు 21న వెబ్‌సైట్ల పేర్లను వాటి చిరునామాలుగా మార్చి చెప్పే డిన్ అనే సంస్థపై దాడి చేస్తే, అమెరికాలో ఎన్నో పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి అందలేదు. మూలన పెట్టిన డీవీఆర్ వల్ల ఏమవుతుందిలే అనుకునేవారికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

తర్వాత వైఫై భద్రతను (సంకేతాలకు తాళం వేసే పద్ధతిని) డబ్ల్యూపీఏ3కి, అది లేకపోతే డబ్ల్యూపీఏ2 ఏఈఎస్‌కు మార్చండి. పాస్‌వర్డ్ బదులు ఒక పిన్‌తో వైఫైకి తగిలించే డబ్ల్యూపీఎస్‌ను ఆపేయండి. దాని 8 అంకెల పిన్ చూస్తే 10 కోట్ల అవకాశాలు ఉన్నట్టు అనిపిస్తుంది. చివరి అంకె మిగతావాటి నుంచి లెక్కకట్టేది, పైగా రౌటర్ ఆ పిన్‌ను రెండు సగాలుగా విడివిడిగా సరిచూస్తుంది కాబట్టి, గరిష్ఠంగా 11,000 ప్రయత్నాలే మిగులుతాయని 2011లోనే బయటపడింది. యూపీఎన్‌పీ కూడా ఆపాలి, లేకపోతే లోపలి పరికరాలు మిమ్మల్ని అడగకుండానే బయటికి దారులు తెరుచుకుంటాయి. బయటి నుంచి లోపలికి తెరిచిన దారులను చూపే పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీలో ఉన్న వరుసలన్నీ చదవండి. దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389వ పోర్టు అక్కడ కనిపిస్తే వెంటనే తొలగించండి. అలా తెరిచి ఉన్న పోర్టులను వెతుకుతూ యంత్రాలు రాత్రింబవళ్లు ఇంటర్నెట్ అంతా తిరుగుతుంటాయి.

చివరగా నెట్‌వర్క్‌ను విడదీయాలి. గెస్ట్ వైఫై ఆన్ చేసి, కస్టమర్ల ఫోన్లు, టీవీ, వైఫై కెమెరాలు దానికే తగిలించండి. గెస్ట్‌లో ఉన్నవారికి లోపలి కంప్యూటర్లు కనిపించకుండా చేసే ఐసోలేషన్ కూడా ఆన్‌లో ఉందో లేదో చూడండి. అసలు వైఫై పాస్‌వర్డ్‌ను గోడకు అంటించే అలవాటు ఆ రోజుతో మానాలి.

ఏడో అడుగు: లోపలికి వచ్చే ఫైళ్లు, లింకులు

సెంటర్‌కు పెన్ డ్రైవ్‌లు రాకుండా ఆపలేం. విండోస్‌లో ఫైల్ ఎక్స్‌టెన్షన్లు, అంటే ఫైలు ఏ రకమో చెప్పే పేరు చివరి అక్షరాలు కనిపించేలా సెట్ చేయడం తొలి రక్షణ. విండోస్ 11లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి వ్యూలో షో కింద అది ఉంటుంది. అప్పుడు బయోడేటా పీడీఎఫ్‌లా కనిపించే ఫైలు చివర ప్రోగ్రామ్ అని తెలిపే ఈఎక్స్ఈ ఉంటే కంటికి తగులుతుంది. షార్ట్‌కట్ వైరస్ అసలు ఫోల్డర్లను దాచి, వాటి పేర్లతోనే షార్ట్‌కట్‌లను పెడుతుంది. ఐకాన్ మూలన చిన్న బాణం గుర్తు ఉన్న ఫోల్డర్ పెన్ డ్రైవ్‌లో కనిపిస్తే తెరవకుండా ముందు స్కాన్ చేయాలి. పెన్ డ్రైవ్‌లన్నీ ఒకే కంప్యూటర్‌కు పెట్టడం నియమంగా చేసుకోండి. ఫోన్లలో ట్రాఫిక్ చలానా అనో, పెళ్లి పత్రిక అనో ఏపీకే ఫైలు (ఆండ్రాయిడ్ యాప్‌ను వేసే ఫైలు) వస్తే దాన్ని ఇన్‌స్టాల్ చేసి పెట్టమని కస్టమర్ అడిగినా చేయవద్దు. అవి ఎస్ఎంఎస్‌లు చదివి ఓటీపీలు దొంగిలించేవి.

వెబ్ చిరునామా చదవడం ప్రతి ఒక్కరికీ నేర్పాలి. హెచ్‌టీటీపీఎస్ పక్కనుండే రెండు ఏటవాలు గీతలను దాటాక వచ్చే మొదటి ఏటవాలు గీత వరకు ఉన్న భాగాన్ని కుడి నుంచి ఎడమకు చదవాలి. భారత ప్రభుత్వ సైటుకు సాధారణంగా అక్కడ చివర జీఓవీ డాట్ ఇన్ లేదా ఎన్ఐసీ డాట్ ఇన్ ఉంటుంది. అవే మాటలు చిరునామా మొదట్లో ఉండి చివర మరేదో ఉంటే, ఆ సైటు ఆ చివరి పేరు గలవాడిది. తాళం గుర్తు ఉంటే చాలు అనుకోవడం పొరపాటు. మీకూ ఆ సైటుకూ మధ్య మాటలు మూడోవాడు వినలేడని మాత్రమే అది చెబుతుంది, అవతల ఉన్నవాడు మంచివాడని చెప్పదు. దొంగ సైటుకు కూడా ఆ తాళం గుర్తుకు కావలసిన సర్టిఫికెట్ ఉచితంగా దొరుకుతుంది.

ఎనిమిదో అడుగు: బ్యాకప్

మీ సొంత లెక్కలు, బిల్లులు, ఫోటో డిజైన్లు మూడు ప్రతులుగా, రెండు రకాల చోట్ల ఉండాలి, వాటిలో ఒకటి సెంటర్ బయట ఉండాలి. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌ను కాపీ అయ్యేంతసేపే తగిలించి, వెంటనే తీసి ఇంటికి తీసుకెళ్లండి. తగిలించే ఉంచితే ఫైళ్లకు తాళం వేసే వైరస్ దానికీ వేస్తుంది. నెలకోసారి ఆ డిస్క్‌లోంచి ఒక ఫైలును వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడాలి. ఏళ్ల తరబడి బ్యాకప్ తీసి, అవసరమైన రోజున అది తెరుచుకోక కూలబడినవారిని చూశాక ఈ ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను.

ఏదైనా జరిగినప్పుడు

ఫైళ్ల పేర్లు మారిపోతున్నట్టో, డబ్బు అడిగే తెరో కనిపిస్తే ముందు నెట్‌వర్క్ కేబుల్ లాగేసి, వైఫై ఆపండి. మిగతా కంప్యూటర్లనూ విడదీయండి. తెరను ఫోన్‌తో ఫొటో తీయండి. డబ్బు కట్టినా ఫైళ్లు తిరిగి వస్తాయన్న హామీ లేదు. ఐరోపా దేశాల పోలీసు సంస్థ యూరోపోల్, డచ్ పోలీసులు మరికొందరితో కలిసి 2016లో మొదలుపెట్టిన నో మోర్ రాన్సమ్ సైటులో కొన్ని రకాల తాళాలు తీసే సాధనాలు ఉచితంగా దొరుకుతాయి, ముందు అక్కడ వెతకాలి. బ్యాంకు ఖాతా నుంచి డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. డబ్బు మరో ఖాతా నుంచి బయటికి వెళ్లకముందే ఆపగలిగే అవకాశం ఆ తొలి గంటల్లోనే ఉంటుంది. దేశంలో సైబర్ సంఘటనలను చూసే సెర్ట్-ఇన్, తన పరిధిలోని సంస్థలు 6 గంటల్లోగా సమాచారం ఇవ్వాలని 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది.

ఈ నంబర్లు, రౌటర్ పేజీ చిరునామా, ఏ కేబుల్ లాగాలో ఒక కాగితంపై రాసి కౌంటర్ లోపలివైపు అంటించండి. ఆ కంగారులో ఫోన్‌లో వెతుక్కునే ఓపిక ఉండదు.

మీ కంప్యూటర్‌లోంచి కస్టమర్ల కాగితాలు బయటికి పోయాయని అనుమానం వస్తే, పరువు పోతుందని దాచకండి. ఎవరి కాగితాలు ఉన్నాయో వారికి ఫోన్ చేసి చెప్పండి. ఆధార్ యాప్‌లో గానీ ఆధార్ వెబ్‌సైటులో గానీ వేలిముద్రలకు తాళం వేసుకోవచ్చని, చేతకాకపోతే ఆధార్ హెల్ప్‌లైన్ 1947కు ఫోన్ చేసి ఎలాగో అడగవచ్చని, ఖాతా ఉన్న బ్యాంకుకు ఒక మాట చెప్పి ఉంచమని వివరించండి. ఫోన్‌లో చేసుకోలేని పెద్దవాళ్లను మళ్లీ సెంటర్‌కు రమ్మని, వారి ఎదుటే ఆ తాళం వేసి ఇవ్వండి.